కిడ్నీకి స్టెమ్ సెల్స్: ఇప్పుడే ఎక్కించుకోవచ్చా?

వేకువ: మా అన్నయ్యకి క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం) 5 దాటింది. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా (రెండు రక్తనాళాలని కలిపే చిన్న ఆపరేషన్) వేయించుకోమని డాక్టరు గారు చెప్పారు. ఈలోగా ఒక క్లినిక్ వాళ్లు, ఆయన కొవ్వులోంచే స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) తీసి నరంలోకి ఎక్కిస్తే కిడ్నీ మళ్లీ పెరుగుతుందంటున్నారు. ఏం చేయమంటారు?

తెరచాప: ఎక్కించమనే అంటాను. సొంత కణాలే కదా, హాని ఏముంటుంది? పరిశోధన పూర్తయ్యేదాకా ఆగే టైమ్ రోగికి ఎక్కడుంది?

గరిక: "సొంత కణాలే కదా" అన్న మాట దగ్గరే నాకు భయం. 2010లో ఒక కిడ్నీ వైద్య పత్రికలో వచ్చిన కేసు ఉంది. లూపస్‌తో (ఒంటి రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు) కిడ్నీలు పాడైన ఒకామెకి, ఆమె స్టెమ్ సెల్స్‌నే ఒక ప్రైవేటు క్లినిక్‌లో నేరుగా కిడ్నీల్లోకి ఎక్కించారు. కిడ్నీ బాగుపడలేదు సరికదా, అక్కడ గడ్డలు పెరిగాయి. ఒక కిడ్నీ తీసేశారు. చివరికి ఆమె దక్కలేదు.

అసలు చిక్కు కిడ్నీ కట్టుబడిలో ఉంది. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి, అంటే రక్తాన్ని వడకట్టే అతిచిన్న గొట్టాలు. నెలలు నిండి పుట్టిన బిడ్డకి అవన్నీ తల్లి కడుపులోనే తయారైపోతాయి, ఆ తర్వాత కొత్తది ఒక్కటీ రాదు. నెఫ్రాన్ గొట్టం లోపలి పొర దెబ్బతింటే మానుతుంది. అందుకే ఇన్ఫెక్షన్‌తో హఠాత్తుగా పడకేసిన కిడ్నీ చాలాసార్లు కోలుకుంటుంది. మచ్చకట్టిపోయిన నెఫ్రాన్ మాత్రం తిరిగి రాదు. కొవ్వు నుంచి తీసిన కణాలు నెఫ్రాన్లుగా మారవు. నరంలోకి ఎక్కిస్తే చాలావరకు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. అవి వాపు తగ్గించే సంకేతాలు పంపుతాయన్న ఆశతో ట్రయల్స్ చేస్తున్నారు, నాకూ ఆ ఆశ ఉంది. కానీ కిడ్నీ పెరగడం వేరు.

తెరచాప: మరి 2015లో ల్యాబులో కిడ్నీనే పెంచారే?

గరిక: అది పిండం కిడ్నీ తొలి దశని పోలిన చిన్న ముద్దండీ. మూత్రం బయటికి పోయే దారి లేదు, రక్తం సరిగా అందదు. మందులు కిడ్నీకి చేసే హానిని పరీక్షించడానికి పనికొస్తోంది.

వేకువ గారూ, "క్రియాటినిన్ తగ్గింది" అని ఎవరైనా రిపోర్టు చూపిస్తే, రోగి బరువు ఎంత తగ్గిందో అడగండి. క్రియాటినిన్ కండల నుంచే వస్తుంది కాబట్టి, కండ కరిగినా ఆ అంకె దిగుతుంది. మా నాన్నగారికి 4.8 నుంచి 4.1కి దిగితే ఇంట్లో అందరం సంబరపడ్డాం. ఆయన వాచీ మణికట్టు మీద నిలవక మోచేతి దాకా జారుతోందని ఎవరమూ పట్టించుకోలేదు. రెండు నెలలకి ఆయాసంతో ఎమర్జెన్సీకి పరుగెత్తాం. ఫిస్టులా లేదు కాబట్టి మెడలో గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. ఫిస్టులా వాడకానికి రావడానికే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ముందు అది వేయించేయండి.

తెరచాప: ఫిస్టులా మాట ఒప్పుకుంటాను. కానీ చివరి దశలో ఉన్నవాళ్లని చాలా ట్రయల్స్‌లో తీసుకోరు. వాళ్లు ఎక్కడికి పోవాలి?

గరిక: దానికి నా దగ్గర జవాబు లేదండీ. డబ్బు కట్టించుకుని "గ్యారంటీ" అనే చోటికి మాత్రం కాదు.