బండికి అయిదో చక్రం: తెలుగులో ఏమందాం?

మిత్రులారా, అమెరికా అంతర్యుద్ధం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. 1861లో ఉత్తరాది సైనికులకు సాయపడేందుకు పౌరులు ఒక కమిషన్ పెడతామని వెళ్తే, అది ‘బండికి అయిదో చక్రం’ అవుతుందేమోనని లింకన్ సందేహించారట. అయినా ఆ జూన్‌లో అనుమతి ఇచ్చారు. పేరు శానిటరీ కమిషన్. (పేరుతోనూ తంటానే. మా వీధిలో శానిటరీ అంటే కుళాయిలు, వాష్ బేసిన్లు అమ్మే దుకాణం.) ప్రస్తుతానికి ‘పానకంలో పుడక’ అని రాశాను. సరిపోతుందా?

— సరిపోదండీ. పుడక వల్ల పానకం చెడుతుంది. లింకన్ భయం అడ్డు గురించి కాదు, అదనం గురించి. సైన్యానికి అప్పటికే వైద్య విభాగం ఉంది, మళ్లీ ఇదెందుకని. ‘ఆరో వేలు’ అనండి.

— ఆరో వేలు పుట్టుకతో వచ్చేది. ఇది బయటినుంచి వచ్చి తగులుకుంది. సైనిక వైద్యాధికారుల కళ్లతో చూస్తే ‘పిలవని పేరంటం’ అనాలి. వేళాకోళం కాదు, దీనికి బీజం పడింది అంతకుముందు ఏప్రిల్‌లో న్యూయార్క్ స్త్రీలు పెట్టుకున్న సహాయ సంఘంలోనే. ఆ పేరంటాళ్లు వట్టి చేతులతో రాలేదు లెండి. కట్టుగుడ్డలు, దుప్పట్లు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఊరూరా పోగుచేసి పంపారు. కమిషన్ ఇన్‌స్పెక్టర్లు శిబిరాలు తిరిగి మరుగు గుంటలు ఎక్కడ తవ్వారు, నీళ్లు ఎక్కడివి, వంట ఎలా ఉంది అని ఆరా తీశారు. ఆ యుద్ధంలో తూటాలకంటే రోగాలకు పోయినవాళ్లే ఎక్కువ మరి. ఎవరి కొడుకు ఏ ఆసుపత్రిలో ఉన్నాడో చెప్పే జాబితాలు కూడా రాసిపెట్టారు. సైనిక వైద్య విభాగాన్ని సంస్కరించాలని పట్టుబట్టి, 1862లో చట్టం వచ్చేదాకా వదల్లేదు. అయిదో చక్రం వచ్చి అసలు బండికి ఇరుసు మార్పించిందన్నమాట!

— కథ బాగుంది గానీ, అడిగినది లింకన్ మాట గురించి. పోలికను ఉన్నది ఉన్నట్టు ఉంచితే నష్టమేమిటి? కాకపోతే మన ఎడ్లబండికి రెండే చక్రాలు. ‘బగ్గీకి అయిదో చక్రం’ అంటే లెక్క కుదురుతుంది.

— అడిగినవాణ్ణే మళ్లీ వచ్చాను. బగ్గీ నచ్చింది, అదే వేస్తున్నాను. కానీ మా అబ్బాయికి చదివి వినిపిస్తే, ‘అయిదో చక్రం అంటే స్టెప్నీ కదా నాన్నా, అది లేకుండా ఎవరైనా బయల్దేరతారా?’ అన్నాడు.