బాకులో ఒప్పుకున్న డబ్బులో పాయకాపురానికి ఏమైనా వస్తుందా?

పాయకాపురం టైలర్:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ పాయకాపురం. ఇంట్లోనే ముందుగదిలో మిషన్లు పెట్టుకుని బ్లౌజులు కుడతాను, చీరలకి ఫాల్స్, పీకో చేస్తాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మీదపడ్డప్పుడు ఆ గదిలో నడుము పైదాకా నీళ్ళు. మిషన్ల మోటార్లు పోయాయి, అది సరే. దసరా ముందు కదా, ఫాల్స్ వేయమని ఇచ్చిన పట్టుచీరలు బీరువా కింది అరలో ఉన్నాయి. నీళ్ళు తీశాక తలుపు లాగితే ఎర్ర చీర రంగు దిగి గంధం రంగు చీరకి పట్టేసింది. జరీ నిండా బురద. ఏది ఎవరి చీరో అంచులు కడిగి చూసుకోవాల్సి వచ్చింది. కొందరు పోనీలే అన్నారు. కొందరికి వాయిదాల్లో ఇంకా కడుతూనే ఉన్నాను. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు మాకూ వచ్చాయి, కాదనను. అవి ఇంటి సామానుకే చాలలేదు.

మా అబ్బాయి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. వాడి నోట్సులో లాస్ అండ్ డ్యామేజ్ ఫండ్ అని ఉంది. వాతావరణం మారి నష్టపోయినవాళ్ళ కోసమట. అజర్‌బైజాన్‌లోని బాకులో జరిగిన ప్రపంచ దేశాల వాతావరణ సభలో, పేద దేశాలకి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు సమకూర్చడానికి ఒప్పుకున్నారని కూడా రాసుకున్నాడు. అందులో మాలాంటివాళ్ళకి ఏమైనా వస్తుందా? రాకపోతే ఎందుకు రాదు?

గుంటూరు లెక్చరర్:
అమ్మా, నేరుగా మీ చేతికి రాదు. మీ అబ్బాయి రాసుకున్నవి రెండు వేరువేరు డబ్బులు.

ఆ 30 వేల కోట్ల డాలర్లు 2024 నవంబరులో బాకులో కుదిరిన లెక్క, అదీ 2035 కల్లా. పేద దేశాలు అడిగింది 1.3 లక్షల కోట్ల డాలర్లు. మన ప్రతినిధి ఆ సభలోనే లేచి, ఇది మాకు సమ్మతం కాదని చెప్పారు. నా ఉద్దేశంలో సరిగ్గానే చెప్పారు. 2009లో కోపెన్‌హాగన్ సభలో ధనిక దేశాలు 2020 కల్లా ఏడాదికి 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఎక్కువగా ధనిక దేశాలే ఉండే ఓఈసీడీ సంస్థ లెక్క ప్రకారమే అది 2022లో గానీ నెరవేరలేదు. అందులోనూ ఎక్కువ భాగం అప్పులు. మునిగినవాడికి అప్పిచ్చి సాయం అనడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. పైగా బాకు ఒప్పందంలో మీలాంటివారి నష్టానికని విడిగా వాటా ఏదీ పెట్టలేదు.

రెండోది మీరడిగిన ఫండ్. 2022లో షర్మ్ ఎల్ షేక్‌లో పెట్టాలనుకున్నారు, 2023లో దుబాయిలో మొదలైంది. అక్కడ మాటిచ్చింది సుమారు 70 కోట్ల డాలర్లు. ప్రపంచంలోని పేద దేశాలన్నిటికీ కలిపి అంతే! ఎవరైనా ఇష్టపడి ఇస్తే తీసుకోవాలి, అడిగే హక్కు లేదు. ఎందుకంటే 2015లో పారిస్‌లో వాతావరణ ఒప్పందంతో పాటు చేసిన తీర్మానంలోనే, అందులో ఉన్న నష్టం మాటని పట్టుకుని బాధ్యత మోపడానికి, పరిహారం అడగడానికి వీల్లేదని ధనిక దేశాలు రాయించుకున్నాయి. 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం మాత్రం, బాధ్యత తప్పిన దేశం పరిహారం ఇవ్వాల్సి రావచ్చని అభిప్రాయం చెప్పింది. వనాటు అనే చిన్న ద్వీపదేశం పట్టుబట్టి సాధించిన మాట అది.

ఆటోనగర్:
మాస్టారూ, గట్టు తెగింది బుడమేరుది. వెలగలేరులో గేట్లు ఎత్తింది మనవాళ్ళు. వాగు దారిలో ప్లాట్లు వేసి అమ్మిందీ, కొన్నదీ మనమే. దీనికి అమెరికా మీద పడితే ఎలా? ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటులో బొగ్గు కాల్చేది ఎవరు?

గుంటూరు లెక్చరర్:
బాబూ, వాగుని ఆక్రమించింది మనవాళ్ళే. దానికి బాకులో ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు, ఇక్కడే నిలదీయాలి. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. ఆ తేమ కురిసేటప్పుడు ఒక్కసారిగా కురుస్తుంది. ప్రకాశం బ్యారేజీకి అప్పుడు 11.4 లక్షల క్యూసెక్కులు వచ్చింది, అంతకుముందెప్పుడూ అంత వరద లేదు. ఇరుకైన వాగు మన తప్పు. దాని మీద కురిసే వానల్ని పెంచుతున్న వేడిలో పెద్ద వాటా వందేళ్ళకి పైగా బొగ్గు, చమురు కాల్చి పైకొచ్చిన దేశాలది.

బొగ్గు సంగతి కూడా దాటేయను. 2021లో గ్లాస్గో వాతావరణ సభలో బొగ్గు పూర్తిగా మానేయడం అన్నచోట తగ్గించుకోవడం అని చివరి నిమిషంలో మార్పించింది మనదేశమే. అయినా సగటున మన మనిషి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2 టన్నులు, అమెరికా మనిషిది 14 దాకా. ఈ రెండు టన్నుల సగటు చాటున మనలో బాగా ఉన్నవాళ్ళు దాక్కుంటున్నారు, అదీ నిజమే. ఇంటినిండా ఏసీలున్న కుటుంబాన్ని, మిషన్ తొక్కుకుని బతికే ఈ అమ్మని ఒకే గాట కట్టకూడదు.

కృష్ణలంక:
నాదొక మాట అక్కా. అప్పుడు కృష్ణ అంత పొంగినా మా ఇళ్ళు నిలబడ్డాయంటే రిటైనింగ్ వాల్ వల్లే. అంతకుముందు వరద వస్తే మాకు టెన్షనే, మూటలు సర్దుకుని పునరావాస కేంద్రానికి పోవడమే. ఆ చర్చల్లో అడాప్టేషన్ అంటారే, మారిన వాతావరణాన్ని తట్టుకునే ఏర్పాటు, అది మాకైతే ఆ గోడే. సోలార్ ప్లాంటుకి అప్పిస్తే కరెంటు అమ్మి తిరిగి కడతారు. గోడ దేన్ని అమ్మి కడుతుంది? అందుకే వీటికి డబ్బు పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. బుడమేరు గట్లకి అడగాల్సింది గ్రాంటు, అప్పు కాదు.

పాయకాపురం టైలర్:
అందరికీ థాంక్స్. మాస్టారూ, మా ఇంటికి సర్వేకి వచ్చినాయన ఫ్రిజ్ రాసుకున్నాడు, మంచం రాసుకున్నాడు. చీరలు చూపిస్తే, మీవి కాదుగా అన్నాడు. కట్టాల్సింది నేనే కదండీ? మా వీధిలో ఇస్త్రీ చేసేవాళ్ళు, పచ్చళ్ళు పెట్టేవాళ్ళు, అందరిదీ ఇదే గోల. మన లెక్కల్లోనే లేని నష్టం ఢిల్లీవాళ్ళు రేపు ఎక్కడో కూర్చుని ఎలా అడుగుతారు? ఎవరిది ఏం పోయిందో మేమే ఇంటింటికీ తిరిగి రాయిస్తాం. మా అబ్బాయి రాస్తానన్నాడు. ఆ కాగితం ఏ పద్ధతిలో రాయాలో మీరు చెప్పగలరా?