చాకు బ్లేడు ఎంత రుద్దినా అద్దంలా మెరవట్లేదు, ఎవరైనా చెప్పండి

హెచ్‌ఎస్‌ఆర్ కుర్రాడు
మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. మడత చాకు బ్లేడుకి అద్దంలాంటి మెరుపు తేవాలని. వీడియోలో ఒకడు పది నిమిషాల్లో మీసం దువ్వుకునేంత మెరుపు తెచ్చాడు. నేను 2000 నంబరు వాటర్ పేపరు నాలుగు షీట్లు అరగదీశాను, బ్రాసో పాలిష్ సగం డబ్బా ఖాళీ. కొన దగ్గర కాస్త తళుక్కుమంటోంది, మిగతాదంతా మబ్బు పట్టినట్టు, లోపల గీతలు. వేళ్లు నల్లబడి అన్నం కలుపుకోవాలన్నా వెగటుగా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను? రేపు ఇక్కడ బెంగళూరులోనే ఎస్పీ రోడ్డుకి వెళ్లి గ్రైండరుకి తగిలించే బఫింగ్ వీల్, అదే మెరుగు పెట్టే గుడ్డ చక్రం, కొనేద్దామా?

కత్తెర
ఏ స్టీలు? ముందు ఏ ఫినిష్? ఫోటో ఏది?

హెచ్‌ఎస్‌ఆర్ కుర్రాడు
మామూలు స్టీలే అన్నా. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది, ల్యాప్‌టాప్‌లో రాస్తున్నా.

కత్తెర
మామూలు స్టీలు అని ఏ స్టీలూ లేదు.

సెక్షన్ సార్
బాబూ, మెరుపు సంగతి తర్వాత. 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనలు చదివావా? 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న బ్లేడు, ఇంటి పనికో, వ్యవసాయానికో, శాస్త్ర పనికో, పరిశ్రమకో చేసింది కాకపోతే, ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంకో మాట. విమానం ఎక్కేటప్పుడు చేతి సంచిలో పెట్టుకున్నావో, అక్కడే వదిలేసి వెళ్లాలి. మా అల్లుడికి అయింది.

హెచ్‌ఎస్‌ఆర్ కుర్రాడు
సార్, నాది మూడంగుళాలు. దీంతో కోసేది జామకాయలు.

పీణ్య రిటైర్డ్
బఫింగ్ వీల్ జోలికి పోకు నాయనా. ముప్ఫై ఏళ్లు పీణ్య ఫ్యాక్టరీల్లో, పనిముట్లు తయారుచేసే టూల్ రూమ్‌లో చేశాను. తిరిగే చక్రానికి పదునువైపు ఎదురిచ్చావంటే చాకుని లాక్కుని నీ పొట్ట మీదికే విసురుతుంది. అది తప్పించుకున్నా, పల్చని కొన ముందు వేడెక్కుతుంది. నీలం రంగు తిరిగిందంటే అక్కడ పస పోయినట్టే, ఇక పదును నిలవదు. సాన పని చేత్తోనే చెయ్యి. ముందు ఇది చెప్పు, మొట్టమొదట ఏ నంబరు పేపరు పెట్టావు?

కె.ఆర్.పురం పంతులు
మన్నించాలి. సాన పట్టడమంటే పదును పెట్టడం. ఈ అబ్బాయి అడిగేది మెరుగు పెట్టడం గురించి. రెండూ వేరు. మాటలు కలిపేస్తే సమాధానాలూ కలగాపులగం అవుతాయి.

పీణ్య రిటైర్డ్
పంతులుగారూ, సానబెట్టిన వజ్రం అంటాం. ఆ వజ్రంతో వంకాయలు కోస్తామా?

కె.ఆర్.పురం పంతులు
అది రత్నాల విషయం. ఇనుముకి వేరు.

కత్తెర
దేవుడా.

హెచ్‌ఎస్‌ఆర్ కుర్రాడు
ఫోటో పెట్టాను చూడండి. మొదట్లో పేపరు వాడలేదండీ. బ్లేడు మీద నల్ల పూత ఉండేది, నిన్న 80 నంబరు ఎమిరీ గుడ్డతో గీకేశాను. అది పాలిష్‌లోకి రాదు కదా అని చెప్పలేదు. మడత దగ్గర డీ2 అని చిన్నగా ఉంది, మోడల్ నంబరేమో.

కత్తెర
అది మోడల్ కాదు. అదే స్టీలు.

పీణ్య రిటైర్డ్
ఆ 80 నంబరు సంగతి మొదటి ముక్కలోనే చెప్పాల్సింది కదయ్యా! నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ. నాగలి చాళ్ల మీద చీపురు తిప్పుతున్నావు నువ్వు. 2000 పేపరు గట్ల తలలు మాత్రమే నునుపు చేస్తుంది, చాళ్లు అలాగే ఉంటాయి. నీకు కనపడే మబ్బు అదే.

మళ్లీ మొదలుపెట్టు. బ్లేడు విప్పి, చెక్క పలక మీద మాస్కింగ్ టేపుతో గట్టిగా అంటించు. పదును అంచుకి కూడా టేపు వెయ్యి. పేపరు వేలికి చుట్టి రుద్దకు. వేలు మెత్తన, పల్లాల్లోకి దిగి అంచుల్ని గుండ్రం చేస్తుంది. చిన్న రేకు బద్దకో గట్టి చెక్క ముక్కకో చుట్టు. 220తో నిలువుగా, మడత నుంచి కొనవైపు ఒకే దిక్కుకి లాగు. 80 గీత ఒక్కటీ కనపడకూడదు. నీ టైమంతా ఇక్కడే పోతుంది, రెండు గంటలైనా సరే. తర్వాత 400 ఏటవాలుగా. దిక్కు ఎందుకు మార్చాలంటే, పాత గీత అడ్డంగా నిలబడి తానే పట్టిస్తుంది. ఆపైన 600, 800, 1000, 1500, చివర 2000, ప్రతిసారీ ఏటవాలు మార్చు. నంబరు మారినప్పుడల్లా బ్లేడూ పలకా నీళ్లతో కడిగి గుడ్డతో తుడువు. పాత పేపరు రేణువు ఒక్కటి మిగిలినా గంట పని పాడు.

లాక్ వచ్చి ఆనే వెనక భాగాన్నీ, ఇరుసు రంధ్రం చుట్టూ ఉన్న చోటునీ మాత్రం ముట్టుకోకు. అక్కడ అరిగితే చాకు లొడలొడలాడుతుంది.

నిజామాబాద్ బిడ్డ
ఈ డీ2లు గీ2లు ఎందుకన్నా. మా జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేస్తుంటే పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయిన్రు. డమాస్కస్ కత్తులని ప్రపంచమంతా మురిసింది ఈ దిక్కు ఉక్కునే. ఇంగ్లీషోళ్లు దానికి పెట్టిన ఊట్జ్ అన్న పేరు కూడా మన ఉక్కు అన్న మాట నుంచే వచ్చిందంటరు.

కె.ఆర్.పురం పంతులు
కన్నడంలోనూ ఉక్కు అనే అంటారు. మనదని ఒక్కరమే రాసేసుకుంటే ఈ ఊళ్లో బాగుండదు.

కత్తెర
డీ2కి అద్దం మెరుపు కష్టం. అందులో క్రోమియం 12 శాతం దాకా, కార్బన్ 1.5 శాతం. రెండూ కలిసి గట్టి గట్టి రేణువులవుతాయి. చుట్టూ మెత్తనిది అరుగుతుంది, అవి అరగవు. ఎక్కువసేపు బఫింగ్ చేస్తే కమలా తొక్కలా గుంటలు తేలతాయి. 600 దగ్గర ఆగు. శాటిన్, అంటే సన్నగీతల మెత్తని మెరుపు, చాలు.

హెచ్‌ఎస్‌ఆర్ కుర్రాడు
12 శాతం క్రోమియం ఉంటే స్టెయిన్‌లెస్ కాదా?

కత్తెర
కాదు. అందులో చాలా భాగం ఆ రేణువుల్లోనే ఇరుక్కుపోతుంది. తుప్పుని ఆపడానికి మిగిలేది తక్కువ. పూత కూడా గీకేశావు. జామకాయ కోసి తుడవకుండా మడిచేస్తే మచ్చలొస్తాయి.

సెక్షన్ సార్
కొబ్బరినూనె రాస్తే సరి.

పీణ్య రిటైర్డ్
కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురవుతుంది సార్, మడత పట్టేస్తుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు. తినేవి కోసే ముందు తుడిచెయ్యి నాయనా.

హెచ్‌ఎస్‌ఆర్ కుర్రాడు
(రెండు రోజుల తర్వాత) 220, 400, 600 అయ్యాయి. 220కే మూడు గంటలు పట్టింది. అద్దం ఆశ వదిలేశా, 600 దగ్గర ఆపేశా. సిల్కు చీర అంచులా భలే ఉంది. థాంక్స్ అండీ అందరికీ. ఒక్కటే సమస్య. విప్పినప్పుడు ఇరుసు పక్కన ఉండే రాగిరంగు వాషరు ఒకటి ఎటో ఎగిరిపోయింది. సోఫా కింద కూడా వెతికాను. అది లేకుండా బిగించొచ్చా?

నిజామాబాద్ బిడ్డ
తమ్మీ, ఉత్త మెరుపులో ఏముంటది. ఆ పాత ఉక్కుని నునుపు చేసి పులుపో యాసిడో పెట్టిన్రంటే నీళ్ల అలల లెక్క చారలు తేలేవి. రేపు వివరంగా రాస్తా.