క్రీడా పేజీల్లో ‘పసికూన’: ఆ జట్లకు ఈ మాట తగినదేనా?

ప్రశ్న:
క్రికెట్ ప్రపంచకప్ మొదలైతే చాలు, ‘పసికూన చేతిలో చిత్తు’, ‘పసికూనపై ప్రతాపం’, ‘పోరాడి ఓడిన పసికూన’ లాంటి శీర్షికలు కనిపిస్తాయి. ఈ మాట పుట్టుక ఏమిటి? ఐర్లాండ్, నెదర్లాండ్స్, నేపాల్ జట్లకు వాడటం సబబేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:
పసి అంటే లేత. పసిబిడ్డ, పసిప్రాయం, పసితనం అన్న మాటల్లో ఉన్నది ఇదే. కూన అంటే పిల్ల. పులికూన, సింహపు కూన అంటాం, ముద్దుగా మన పిల్లల్నీ అంటాం. మాటగా చక్కనిది, తెలుగుదనం ఉన్నది. అందులో చులకన లేదు, జాలి ఉంది. నా అభ్యంతరం ఆ జాలి మీదే. పసికూన అన్నామంటే ఆ జట్టు ఈమధ్యే పుట్టిందనీ, నాలుగు రోజులు పోతే తనంతట తనే పెరుగుతుందనీ అన్నట్టే. క్రికెట్లో ఈ రెండూ నిలవవు.

ముందు వయసు చూద్దాం. అమెరికా, కెనడా జట్లు న్యూయార్క్‌లో 1844లోనే తలపడ్డాయి. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల మధ్య తొలి టెస్టు జరిగింది 1877లో. అంటే అంతకు 33 ఏళ్ల ముందే. అదే అమెరికా 2024 టీ20 ప్రపంచకప్‌లో డాలస్‌లో పాకిస్థాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడిస్తే, అది పసికూన గెలుపు ఎలా అవుతుంది?

ఇక ఎదుగుదల. మన జట్టు 1932లో తొలి టెస్టు ఆడింది, తొలి గెలుపు 1952లో మద్రాసులో ఇంగ్లండ్ మీద. ఇరవై ఏళ్లు పట్టింది. న్యూజిలాండ్‌కు ఇంకా ఆలస్యమైంది: 1930లో మొదలుపెడితే 1956లో ఆక్లాండ్‌లో వెస్టిండీస్ మీద గెలిచే దాకా ఒక్క టెస్టూ నెగ్గలేదు. ఆ ఏళ్లలో ఈ జట్లకు దక్కినవి ఓటములూ డ్రాలే. కానీ గెలవకున్నా మ్యాచ్‌లు దక్కాయి, పెద్ద జట్లు వాళ్లతో ఆడుతూనే ఉన్నాయి. శ్రీలంక 1979 ప్రపంచకప్‌లో మనల్ని ఓడించినప్పుడు దానికి టెస్టు హోదా, అంటే ఐదు రోజుల అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడే అర్హత, కూడా లేదు. 1981లో హోదా వచ్చింది, 1996లో కప్పు ఎత్తింది.

ఆ టెస్టు హోదా తలుపు తర్వాతివాళ్లకు అంత తేలిగ్గా తెరుచుకోలేదు. కెన్యా 2003లో ఏకంగా సెమీఫైనల్ ఆడింది. టెస్టు హోదా మాత్రం రాలేదు, పెద్ద జట్లతో వరస సిరీస్‌లు దొరకలేదు. ఇంట్లో పాలకుల కలహాలు కూడా దెబ్బతీశాయి, అది కాదనను. 2014కల్లా వన్డే హోదా కూడా పోయింది.

ఐర్లాండ్ కథ నన్ను మరీ బాధిస్తుంది. 2011 మార్చి 2న బెంగళూరులో ఇంగ్లండ్ 327 పరుగులు చేసింది. ఐర్లాండ్ 111కే ఐదు వికెట్లు పోగొట్టుకుంది. అక్కడి నుంచి కెవిన్ ఓబ్రయన్ 50 బంతుల్లో వంద కొట్టాడు, అలెక్స్ కుసాక్‌తో కలిసి 162 పరుగులు జోడించాడు, జట్టు మూడు వికెట్ల తేడాతో గెలిచింది. అంతకుముందు 2007లో పాకిస్థాన్‌ను ఇంటికి పంపింది కూడా వీళ్లే. ఇంత చేశాక ప్రపంచకప్ తలుపులు ఇంకొంచెం తెరుచుకోవాలి కదా! 2007లో 16 జట్లు ఆడిన ప్రపంచకప్ 2019 నాటికి పది జట్లకు కుదించుకుపోయింది.

స్కాట్లండ్‌ది అంతకన్నా దురదృష్టం. 2018 మార్చిలో హరారేలో, గెలిస్తే ఆ పది జట్లలో చోటు అనే మ్యాచ్‌లో, వెస్టిండీస్ చేతిలో వాన పడినప్పుడు లక్ష్యాన్ని సవరించే డక్‌వర్త్ లూయిస్ లెక్కన ఐదు పరుగులతో ఓడింది. లక్ష్యం వెంట పడుతుండగా వాన వచ్చింది. లెగ్ స్టంప్ తప్పించుకుపోయే బంతికి రిచీ బెరింగ్టన్‌ను ఎల్బీడబ్ల్యూగా ఇచ్చారు. అంపైర్ నిర్ణయాన్ని వీడియోలో మళ్లీ చూడమని కోరే డీఆర్ఎస్ ఆ టోర్నీలో లేనే లేదు. పెద్ద జట్ల సిరీస్‌ల్లో మామూలైపోయిన సౌకర్యం, ఒక దేశం నాలుగేళ్ల భవిష్యత్తు తేలే చోట లేదన్నమాట. మూడు నెలలు తిరగకుండానే అదే స్కాట్లండ్ ఎడిన్‌బరోలో 371 కొట్టి, అప్పటి నంబర్ వన్ వన్డే జట్టు ఇంగ్లండ్‌ను ఆరు పరుగులతో ఓడించింది. ఇది పసితనమా?

ఆటగాళ్లను నిలుపుకోవడం ఇంకో కష్టం. 2007లో ఐర్లాండ్‌కు ఆడిన ఇయాన్ మోర్గాన్ టెస్టు ఆడాలన్న కోరికతో ఇంగ్లండ్‌కు వెళ్లాడు. 2019లో ఇంగ్లండ్‌కు కప్పు అందించిన కెప్టెన్ అతనే. ఎవరూ తప్పుపట్టరు, కానీ పోయింది ఐర్లాండ్‌కే. డబ్బు సంగతి చెప్పాలంటే, 2024-27 కాలానికి అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) పంచే ఆదాయంలో 12 పూర్తి సభ్య దేశాలకే 88 శాతానికి పైగా పోతుంది. పూర్తి సభ్యత్వం లేని మిగిలిన 90కి పైగా అసోసియేట్ దేశాలన్నీ సుమారు 11 శాతంలో సర్దుకోవాలి. పసికూన అన్న మాటలో ఈ లెక్క కనపడదు. పంపకంలో తేడాను వయసులో తేడాగా చూపిస్తోంది కనుకే ఆ మాట వద్దంటున్నాను.

వ్యాఖ్య:
మరి అఫ్గానిస్థాన్‌ను ఇప్పుడెవరూ పసికూన అనడం లేదు కదండీ. గెలిస్తే మాట దానంతట అదే పోతుందిగా?

జవాబు:
పోయింది, నిజమే. ఎలా పోయిందో కూడా చూడండి. 2009లో వన్డే హోదా, 2017లో ఐర్లాండ్‌తో పాటు టెస్టు హోదా, అదే ఏడాది నుంచి రషీద్ ఖాన్ లాంటివాళ్లకు ఐపీఎల్. 2018లో బెంగళూరులో మనతో ఆడిన తొలి టెస్టు రెండు రోజుల్లోనే ముగిసింది. అయినా ఆడనిచ్చారు. 2023 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్, పాకిస్థాన్, శ్రీలంకలను ఓడించింది, 2024 టీ20 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియాను కొట్టి సెమీస్‌కు చేరింది. ప్రతిభకు అవకాశం తోడైతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

వ్యాఖ్య:
శీర్షికకు చలిచీమలూ పామూ పోలిక వాడుకుంటే బాగుంటుందేమో?

జవాబు:
వినడానికి బాగుంటుంది, కానీ చీమల బలం వాటి సంఖ్యలో ఉంది. మైదానంలో ఇటూ అటూ పదకొండు మందే. 2024లో కింగ్స్‌టౌన్‌లో దక్షిణాఫ్రికా 115 చేస్తే, నేపాల్‌కు ఆఖరి బంతికి రెండు పరుగులు కావాలి. బ్యాటర్ కొట్టబోతే బంతి తగల్లేదు, బై కోసం పరుగెత్తి రనౌటయ్యాడు. 114 దగ్గర ఆగిపోయారు. సమఉజ్జీల పోరు అది. ‘ఒక్క పరుగుతో నేపాల్ ఓటమి’ అని రాస్తే చాలు, ఇంకే విశేషణమూ అక్కర్లేదు.

వ్యాఖ్య:
అయితే అసోసియేట్‌కు ‘అనుబంధ సభ్య దేశం’ అనవచ్చా?

జవాబు:
నిక్షేపంగా అనవచ్చు. శీర్షికలో ఇమడకపోతే అసోసియేట్ అనే ఉంచండి, క్రికెట్ చూసేవాళ్లకు తెలిసిన మాటే. హోదా తెలిపే మాటైతే నియమాలు అర్థమవుతాయి. 2027 వన్డే ప్రపంచకప్‌లో మళ్లీ 14 జట్లు ఆడబోతున్నాయి, దక్షిణాఫ్రికా, జింబాబ్వేలతో పాటు నమీబియా కూడా ఆతిథ్య దేశమే. మొదటి రెండింటికీ నేరుగా చోటుంది. నమీబియా మాత్రం సొంతగడ్డ మీద జరిగే కప్పుకు కూడా క్వాలిఫయర్లు గెలిచే రావాలి. కారణం అది అసోసియేట్ కావడమే.