సర్వే రిపోర్టులో తేమ, పగులు రెండూ వచ్చాయి, ముందు ఎవర్ని పిలవాలి?

పాత ఇల్లు కొందామని అడ్వాన్స్ ఇవ్వకముందే సర్వేయర్‌తో చెక్ చేయించాం. హాల్ బయటి గోడకి కింద నుంచి మీటరు ఎత్తు దాకా తేమ, కిటికీ మూల నుంచి ఏటవాలుగా 4 మిల్లీమీటర్ల పగులు ఉన్నాయి, ఇంకా లోతుగా పరీక్ష చేయించుకోండి అని రాసి వదిలేశారు. ఫోన్ చేస్తే గోడ తవ్వి చూడటం సర్వేలో రాదన్నారు, అదీ నిజమే. అమ్మేవాళ్ళేమో ఎప్పటినుంచో అలాగే ఉందంటున్నారు. వాళ్ళనడిగి గోడకి ప్లాస్టిక్ షీట్ గాలి చొరబడకుండా టేపుతో అంటించి 48 గంటలు ఉంచితే గోడ వైపే చెమ్మ పట్టింది, అంటే గదిలో ఆవిరి కాదు, గోడలోంచే వస్తోంది, పైగా అప్పుడు వానలు కూడా లేవు. పగులు పెరుగుతోందా అని తేలాలంటే నెలలు గమనించాలి, మాకేమో 3 వారాలే టైముంది. ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవాలా, డ్రైనేజీ పైపులు కెమెరాతో చూపించాలా?