డాంట్‌లెస్ 2106కి మళ్ళీ మిడ్వే రంగులు వేయడం సరైనదేనా?

పాతరెక్కలు:
ఫ్లోరిడాలో పెన్సకోలా నౌకాదళ విమాన మ్యూజియంలో ఎస్‌బీడీ-2 డాంట్‌లెస్ డైవ్ బాంబర్ (కిందికి దూకుతూ బాంబు వేసే యుద్ధవిమానం) ఉంది, నంబర్ 2106. 1942లో పసిఫిక్ సముద్రంలోని మిడ్వే దీవి దగ్గర అమెరికా, జపాన్‌ల మధ్య జరిగిన మిడ్వే యుద్ధంలో ఎగిరిన డాంట్‌లెస్‌లలో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. 1943లో మిచిగన్ సరస్సులో పడి దాదాపు 50 ఏళ్ళు నీళ్ళలోనే ఉంది. పైకి తీశాక బాగుచేసి 1942 నాటి రంగులు వేశారు. నాకది నచ్చలేదు. నీళ్ళలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచాల్సింది.

తూర్పుతీరం:
నేను ఒప్పుకోను అన్నా. నీళ్ళలోంచి తీసిన అల్యూమినియాన్ని అలాగే వదిలేస్తే గాలి తగిలి తుప్పు తినేస్తుంది.

ఇక అసలు సంగతి. 1942 జూన్ 4న మేజర్ లాఫ్టన్ హెండర్సన్ వెంట అమెరికా మెరైన్ దళం డాంట్‌లెస్‌లు 16 మిడ్వే నుంచి బయల్దేరాయి. సగం తిరిగి రాలేదు, హెండర్సన్ కూడా రాలేదు. 2106లో పైలట్ డానియల్ ఐవర్సన్, వెనక గన్ దగ్గర వాలెస్ రీడ్. జపాన్ విమానవాహక నౌక హిర్యూ మీద బాంబు వేశారు, తగల్లేదు. జపాన్ వాళ్ళ జీరో ఫైటర్ విమానాలు వెంటపడి జల్లెడ చేసేశాయి. మ్యూజియం లెక్క ప్రకారం 219 రంధ్రాలు! ఒక బుల్లెట్ ఐవర్సన్ గొంతు దగ్గరి మైక్ తీగను తెంపుకుంటూ పోయింది. చివరికి ఒకే చక్రం మీద మిడ్వేలో దించాడు.

ఆ రంధ్రాలకు అప్పట్లో వేసిన రేకు అతుకులు సరస్సులో కూడా ఊడిపోలేదు. వాటిని పీకి కొత్త రేకు వేసి ఉంటే నేనూ మీ వైపే ఉండేవాణ్ణి.

సరస్సుగట్టు:
మీరిద్దరూ మిడ్వే దగ్గరే ఆగిపోయారండీ. దానికి ముందు, మార్చిలో, ఇదే విమానం అమెరికా విమానవాహక నౌక లెక్సింగ్టన్ నుంచి న్యూగినీలోని లేయ్, సలామావా మీద దాడికి వెళ్ళింది. మిడ్వే తర్వాత శిక్షణకు పంపారు. మిచిగన్ సరస్సులో పాత ప్రయాణికుల ఓడలను మార్చి చేసిన రెండు నౌకల మీద వేలమంది కుర్రాళ్ళు దిగడం, ఎగరడం నేర్చుకున్నారు. 2106 పోయింది అక్కడే. మిడ్వే నుంచి ప్రాణాలతో వచ్చిన ఐవర్సన్ కూడా 1944లో శిక్షణ ప్రమాదంలోనే చనిపోయాడు. శిక్షణలో పోయినవాళ్ళ గురించి ఎవరు మాట్లాడతారు? మిడ్వే రంగులు వేస్తే చూసేవాళ్ళకు ఆ ఒక్క రోజే కనిపిస్తుంది. నా బాధ అదీ.

పాతరెక్కలు:
అల్యూమినియం సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. రంగు విషయంలో మాత్రం సరస్సుగట్టు గారి మాటే నా మాట. ఒక రెక్కనైనా రంగు వేయకుండా వదిలేయాల్సింది.