గోళకీ మఠాన్ని మందడంలో మళ్లీ కట్టాలా?

వేలనాటివాసి:
అమరావతి పనులు జరుగుతున్న సమయంలోనే ఈ విషయం తేలాలని ఇక్కడ పెడుతున్నాను. సచివాలయం ఉన్న వెలగపూడి, దాని పక్కనే ఉన్న మందడం మామూలు ఊళ్లు కావు. 1261లో, అంటే శక సంవత్సరం 1183లో, రుద్రమదేవి తన తండ్రి గణపతిదేవుడి మాట ప్రకారం మందడాన్ని, దాంతోపాటు వెలగపూడిని గోళకీ మఠం అనే శైవ గురుపరంపరకు చెందిన విశ్వేశ్వర శివాచార్యుడికి ధారపోసింది. ఆయన ఇక్కడ గుడి, మఠం, సత్రం కట్టించి విశ్వేశ్వర గోళకి అనే అగ్రహారం పెట్టాడు. ఆ పక్కనే మల్కాపురంలో నంది ఉన్న శాసనస్తంభమే సాక్ష్యం. ఇంత చరిత్ర ఉండి, ఇదిగో మఠం అని చూపించడానికి మనకు ఒక్క కట్టడం లేదు. మధ్యప్రదేశ్‌లో చంద్రేహి శైవమఠం ఇంకా నిలబడి ఉంది. దాని నమూనాలో మందడంలో గోళకీ మఠాన్ని మళ్లీ కట్టాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

శాసనప్రేమి:
మీ ఆరాటం నాకూ ఉంది. కానీ కట్టకూడదు అనే అంటాను.

చంద్రేహి మఠం సోన్ నది ఒడ్డున, సిధి జిల్లాలో ఉంది. పక్కనే గుండ్రటి గర్భగుడితో శివాలయం. గుడి కట్టించింది గురువు ప్రశాంతశివుడు, మఠం కట్టించింది ఆయన శిష్యుడు ప్రబోధశివుడు. మఠం శాసనం అక్కడి కలచురి రాజుల శకంలో 724వ సంవత్సరం నాటిది, అంటే మన లెక్కలో 972-73. ముందు వసారా, మధ్యలో ముంగిలి, చుట్టూ రాతి గదులు. పైఅంతస్తు చాలావరకు పోయింది. ఆ శాసనం చదివితే కళ్లముందు కనిపించేది అడవి. మొరటిపళ్లు, ఉసిరికాయలు, తామరదుంపలు తింటూ నది ఒడ్డున తపస్సు చేసుకున్న గురువు, కొండల్ని తొలిచి దారి వేయించి, బావి తవ్వించిన శిష్యుడు.

ఇప్పుడు మల్కాపురం శాసనం చూడండి. అది దాదాపు మూడువందల ఏళ్ల తర్వాతిది. అందులో అడవి లేదు, కృష్ణ ఒడ్డున పండే పొలాలూ లంకలూ ఉన్నాయి. విశ్వేశ్వరుడు గౌడదేశం (ఇప్పటి బెంగాల్) నుంచి, దక్షిణ రాఢలోని పూర్వగ్రామం నుంచి వచ్చినవాడు. కాకతీయ రాజుకు దీక్షాగురువు. గణపతిదేవుడి విద్యామండపంలో ఎర్రటి జడలతో, ఊగే కుండలాలతో, మెడలో హారాలతో ఆయన ఆసనం మీద కూర్చున్న తీరును శాసనం ఎంత మురిసిపోతూ వర్ణించిందో! ఇద్దరూ శైవాచార్యులే, గురుపరంపరలకు చుట్టరికమూ ఉంది. కానీ ఆ జీవితం వేరు, ఈ జీవితం వేరు. అక్కడి గదుల్ని తెచ్చి ఇక్కడ పెడితే రెండిటికీ అన్యాయం చేసినట్టే.

అసలు మన శాసనం గోడల గురించి పెద్దగా చెప్పదు. మనుషుల గురించి చెబుతుంది. అరవై ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలకు భూములు ఇచ్చాక మిగిలినదాన్ని మూడు వాటాలు చేశారు. ఒకటి దేవుడికి. ఒకటి మఠానికీ విద్యార్థులకూ. మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రానికి. మూడు వేదాలకు ముగ్గురు అధ్యాపకులు. వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమాల వంటివి చెప్పడానికి అయిదుగురు. ఒక వైద్యుడు. లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. నాట్యకత్తెలు, మద్దెలవాళ్లు, కాశ్మీరం నుంచి వచ్చిన గాయకుడు. ఊరి కాపలాకు వీరభద్రులు అనే భటులు. కంసాలి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మంగలి, మేదరి. రాతి కట్టడంలో వీళ్లలో ఎవరు కనిపిస్తారు చెప్పండి?

వేలనాటివాసి:
శాసనప్రేమి గారూ, మీరు చదవగలరు కాబట్టి మీకు మనుషులు కనిపిస్తున్నారు. పిల్లల్ని తీసుకెళ్లి సంస్కృత శ్లోకాలు చెక్కిన రాయి ముందు నిలబెడితే వాళ్లకేం తెలుస్తుంది? నాగార్జునకొండ సంగతి చూడండి. సాగర్ ఆనకట్టతో లోయ మునిగిపోతే కట్టడాల్ని కొండ మీదా, ఒడ్డున ఉన్న అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. ఈరోజు బౌద్ధ విహారం అంటే ఎలా ఉంటుందో మామూలు జనానికి తెలిసిందంటే అందువల్లే. అప్పుడు ఇది తప్పని ఎవరైనా అన్నారా? విశ్వేశ్వరుడు ఏలేశ్వరంలోనూ మఠం పెట్టాడని ఈ శాసనమే చెబుతోంది. ఆ ఏలేశ్వరం సాగర్ నీళ్లలో కలిసిపోయింది. అక్కడ పోగొట్టుకున్నాం, ఇక్కడైనా నిలబెట్టుకుందాం అంటున్నాను. మీరు చెప్పే పద్ధతిలో పోతే మన తర్వాతివాళ్లకు మఠం ఒక పేరుగానే మిగులుతుంది.

రాతిపని:
గుళ్ల మరమ్మతు పనుల్లో ఉన్నవాణ్ణి, ఒక మాట చెప్పనివ్వండి. అనుపు పోలిక ఇక్కడ కుదరదు. అక్కడ మునకకు ముందు ఏళ్ల తరబడి తవ్వారు, ప్రతి గోడ కొలతా తీశారు. తవ్వకంలో దొరికిన ప్లాను ప్రకారం నిలబెట్టారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం కూడా అంతే. 2006లో రాళ్లకు నంబర్లు వేసి విప్పారు, 2024లో గాని మళ్లీ తెరవలేదు. రాళ్లు చేతిలో ఉండి, నంబర్లు ఉండి కూడా అన్నేళ్లు పట్టింది. మందడంలో మనకు రాళ్లు లేవు, నంబర్లు లేవు, పునాది ఎక్కడుందో కూడా తేలలేదు. ఆ మఠం రాతిదో, ఇటుకదో, మీద మట్టిమిద్దె ఉందో ఎవరూ చెప్పలేరు. దేన్ని చూసి కడతారు?

అలాగని ఏమీ చేయొద్దనను. అదంతా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అలాంటి నేలలో పెద్ద కట్టడం లేపాలంటే పునాది గోతులు లోతుగా తీసి ఇసుకో, రాయో నింపక తప్పదు. అలా నింపిన గొయ్యి గోడలు పోయాక కూడా మన్నులో చారలాగా తెలుస్తుంది. పారతో గీకితే చుట్టూ మన్ను నల్లగా, గొయ్యి మేరకు వేరే రంగు కనబడుతుంది. స్తంభం చుట్టుపక్కల ముందు భూమిలోపలి సర్వే, తర్వాత నాలుగు చిన్న గుంటలు తీస్తే చాలా తెలుస్తుంది. పునాది దొరికితే దాని గీత మేరకు నేల మీద రాళ్లు పరిచి చూపించొచ్చు. కళ్లకు కొలత తెలుస్తుంది, కల్పన ఉండదు. ఈలోగా ఆ చుట్టుపక్కల రోడ్లకో, పైపులకో పొక్లెయిన్ దిగిందంటే ఆ చారలు ఒక్క పూటలో పోతాయి. నా భయమంతా అదే.

తుళ్లూరు ఆడపడుచు:
మీరంతా మఠం గురించే మాట్లాడుతున్నారు. మాది ఆ పక్క ఊరే, రాజధానికి పొలం ఇచ్చిన ఇల్లే మాది. ఇక్కడ ఏదైనా కట్టాలంటే మళ్లీ భూమి ప్రశ్న వస్తుంది, అది మర్చిపోకండి అన్నలూ.

నాకు ఆ శాసనంలో అన్నిటికంటే గట్టిగా తగిలేది సత్రం సంగతి. బ్రాహ్మణుల నుంచి చండాలుల వరకు, వచ్చినవాళ్లకు ఎవరికీ అన్నం లేదనకూడదని రాసిపెట్టారు. ఆ కాలంలో! కాన్పులకు ఊరి రాబడిలోంచి వాటా తీశారు. మరి విశ్వేశ్వరుడి పేరు నిలబెట్టాలంటే ఆడవాళ్లకు కాన్పు చేసే మంచి ఆసుపత్రి కట్టండి, పక్కనే అన్నం పెట్టండి. గోడలు కాదు, ఆ ఏర్పాటును మళ్లీ కట్టండి. నా ఓటు దానికి.

శాసనప్రేమి:
అమ్మా, మీ మాటతో నాకు పేచీ లేదు. ఆసుపత్రి రావాలి. కానీ అది వచ్చిందని స్తంభాన్ని వదిలేయకూడదు. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఆ వాటాలు ఎవరి కష్టంలోంచి వచ్చాయో శాసనం చెప్పదు. భూమి దున్నినవాళ్ల పేర్లు అందులో లేవు. అందుకే దాన్ని ఒక సువర్ణయుగం లాగా కట్టి చూపించడం నాకు ఇష్టం లేదు. ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం, అందులో అన్నం పెట్టిన గొప్పతనమూ ఉంది, ఆ తేడాలూ ఉన్నాయి.

వేలనాటివాసి గారూ, పిల్లలకు ఏం తెలుస్తుందని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వందేళ్లనాడే మొదలైంది. జయంతి రామయ్య పంతులు గారు ఆ శాసనాన్ని చదివి అచ్చువేయించకపోతే ఈరోజు మనం ఈ మాటలు మాట్లాడుకునేవాళ్లమే కాదు. మిగిలిన పని మనది. మొత్తం శాసనం తేలిక తెలుగులో, పెద్ద అక్షరాలతో స్తంభం పక్కనే ఉండాలి, పిల్లవాడు తన వేలితో చూపించి చదువుకునేలా. చంద్రేహి ఫొటోలు కూడా పెట్టొచ్చు, ఇది ఇక్కడి మఠం కాదని కింద రాసి. ఉత్తరాదిలో వీళ్ల పరంపర మఠాలు ఎలా ఉండేవో అంతవరకు తెలిస్తే చాలు.

రాతిపని గారు చెప్పిన సర్వే మాత్రం ఆలస్యం కాకూడదు. స్తంభాన్ని కదిలించకుండా, చుట్టూ కొంత మేర తవ్వకాలు ఆపి, ముందు పురావస్తుశాఖ చేత నేల పరీక్ష చేయించాలని ఒక అర్జీ రాశాను. తుళ్లూరు అమ్మాయి అడిగిన ఆసుపత్రిని రెండో విన్నపంగా చేర్చాను. పునాదులు దొరికితే పునర్నిర్మాణం సంగతి అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం, వేలనాటివాసి గారితో వాదనకు నేను సిద్ధమే. ఒప్పుకున్నవాళ్లు కింద మీ ఊరి పేరు రాయండి.

వేలనాటివాసి:
నమూనా కట్టడం ఎప్పటికైనా కావాలనే నా మాట మార్చుకోను. కానీ సర్వే ముందు జరగాలి, దానికి ఒప్పుకుంటున్నాను. నాది మంగళగిరి, రాసుకోండి.